తాళంచెవుల పళ్ళెం

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు, తాళాల మేస్త్రి. గడియారాల దుకాణం పక్కన, మేడమెట్ల కింద మిగిలిన చోటే అతని కొట్టు. లేచి నిలబడితే మెట్టు నెత్తికి కొట్టుకుంటుంది, అందుకని జీవితమంతా కూర్చునే గడిపాడు. తాళాన్ని కదలకుండా పట్టి ఉంచడానికి బల్లకి బిగించిన వైసు, మేకులకి గుత్తులుగా వేలాడే పాత తాళంచెవులు, నూనెడబ్బా, లావువీ సన్నవీ ఆకురాళ్ళు, అంతే అతని ఆస్తి. తాళం చేతికొస్తే ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపి వినేవాడు. ఆ తర్వాత దాన్ని తిట్టేవాడు. "ఏమే మొండిఘటమా, అందరి దగ్గరా వేసిన వేషాలు నా దగ్గరా?" అనేవాడు. ఆ గొంతు ఏం గొంతనుకున్నారు! ఖాళీ పీపాలో కూర్చుని ఎవరో మాట్లాడుతున్నట్టుండేది. చంకలో పిల్లతో వచ్చిన తల్లులు దూరంగా నిలబడే తాళం అందించేవారు.

అలాంటి మనిషి స్టేజీ ఎక్కి పాడతాడని ఎవరైనా అంటే ముందు వాళ్ళావిడే పడీపడీ నవ్వేది. కానీ పాడాడు. కూతురి కోసం పాడాడు.

ఆ ఊరి మధ్యగా ఒక కాలువ, దాని మీద ఒక వంతెన. ఇవతలిది గట్టు వీధి, అవతలిది కాలువ వీధి. గట్టు వీధివాళ్ళు ఊరు పుట్టినప్పటి నుంచీ ఉన్నామంటారు. కాలువ వీధివాళ్ళు మిల్లు పెట్టినప్పుడు పని కోసం వచ్చినవాళ్ళు. తాతలు వచ్చారు, మనవలకి పెళ్ళిళ్ళయ్యాయి, అయినా గట్టు వీధి నోట "వచ్చినవాళ్ళు" అన్న మాట పోలేదు. ఇలాంటివి గుర్తుపెట్టుకోవడానికి మనుషులకి ఎంత ఓపికండీ! మేస్త్రి ఒక్కగానొక్క కూతురు వంతెన అవతల రేడియోలు బాగుచేసే ఆయన కొడుకుని, బస్సు నడిపే కుర్రాణ్ణి, నేనిష్టపడ్డానని చెప్పి మరీ పెళ్ళి చేసుకుంది. గట్టు వీధి ముక్కు విరిచింది. కాలువ వీధి కూడా మొదట్లో ఆ పిల్ల నీళ్ళకి వస్తే పక్కకి జరిగి నిలబడింది. మేస్త్రికి నిద్ర పట్టేది కాదు. పిల్లని ఆ వీధి తన పిల్లగా చూసుకోవాలి, అదొక్కటే అతని కోరిక. మిగతా లోకం ఏమైపోయినా అతనికి ఫరవాలేదు. ఈ చివరి మాట నేను ఊరికే అనడం లేదు, ముందుముందు మీకే తెలుస్తుంది.

ఆ ఏడాది మిల్లు గేటు దగ్గర రెండు వీధుల కుర్రాళ్ళూ కొట్టుకున్నారు. ఎవడో విసిరిన రాయి తగిలి, గట్టు వీధిలో కలప అడితి నడిపే ఆయన మేనల్లుడికి కన్ను పోయింది. రాయి ఎవరిదో తేలలేదు. అడితి ఆయన అరవలేదు, కేసు పెట్టలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఊరు హమ్మయ్య అనుకుంది. అరిచేవాడికంటే అరవనివాణ్ణి చూసే భయపడాలని ఊరికి ఎందుకు తోచలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

అప్పుడే పాటల టీచరమ్మ రంగంలోకి దిగింది. బడిలో పాటలు నేర్పి రిటైరైన మనిషి, మంచి మనిషి, మంచితనం తప్ప ఇంకేమీ కనపడని మనిషి. రెండు వీధులవాళ్ళనీ కలిపి ఒక బృందం కడతాననీ, ఐక్యత మీద ఒక కచేరీ చేయిస్తాననీ ఇల్లిల్లూ తిరిగింది. కాలువ వీధిలో ఇంటికొకరు చేరారు. వియ్యంకుడు చేరాడని తెలిసి మేస్త్రి కూడా చేరాడు. ఇద్దరు తండ్రులు ఒక వరసలో భుజం భుజం కలిపి నిలబడితే ఆ పిల్లని పరాయిదానిలా ఎవరు చూస్తారు? అదీ అతని లెక్క. అడితి ఆయన కూడా తమ్ముణ్ణీ ఇంకో ఇద్దర్నీ వెంటేసుకుని వచ్చి చేరేసరికి టీచరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

రిహార్సళ్ళు ఊరి హాల్లో జరిగేవి. సన్నగొంతులు ముందు, లావుగొంతులు వెనక. మొదట్లో ఒక మెత్తటి చరణం దగ్గర ఎవరి జేబులోనో గలగలమంది. టీచరమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఎవరిదండీ ఆ గంటల బండి?"

మేస్త్రిదే. నడుముకి గుత్తి కట్టుకుని తిరిగేవాడు కదా. అందరూ నవ్వారు. మర్నాడు మేస్త్రి ఇంటి నుంచి పెద్ద ఇత్తడి పళ్ళెం తెచ్చి, హాలు వెనక గదిలో బెంచీ మీద పెట్టాడు. పాడడానికి వచ్చినవాళ్ళు ముందు తాళంచెవులు అందులో వేసి రావాలి, వెళ్ళేటప్పుడు ఎవరిది వాళ్ళు తీసుకోవాలి. అదే పద్ధతైపోయింది. "మా ఇల్లూ మీ ఇల్లూ ఒకే పళ్ళెంలో పడ్డాయి బావగారూ, ఇంక వంట కూడా కలిపేస్తే పోతుంది" అని వియ్యంకుడు పరాచికాలాడాడు. టీచరమ్మకైతే అది పరాచికం కాదు. ఊళ్ళో పెద్దలెవరు వచ్చినా వెనక గదిలోకి తీసుకెళ్ళి ఆ పళ్ళెం చూపించేది. "ఇంటి తాళాలు ఒకరి చేతిలో ఒకరు పెట్టుకున్నాక ఇంకేం ఐక్యత కావాలండీ?" అనేది. వాళ్ళు తలూపేవారు. నిజం చెప్పొద్దూ, వినడానికి బాగానే ఉండేది.

కచేరీ దగ్గరపడే కొద్దీ గట్టు వీధిలో ఏదో మారింది. ఇదీ అని వేలుపెట్టి చూపించలేం. క్షౌరశాలలో మేస్త్రి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. ఎప్పుడూ మొహం ముడుచుకునేవాళ్ళు ఎదురొచ్చి మరీ పలకరించేవారు. అడితి పట్టపగలు తలుపులు మూసుకుని ఉండేది, లోపల మాత్రం మనుషుల అలికిడి. వెనక వరసలో అడితి ఆయన తమ్ముడు ప్రతి రిహార్సలుకీ మధ్యలో దగ్గుకుంటూ నీళ్ళ కోసం వెనక గదిలోకి వెళ్ళేవాడు. పాపం పొడిదగ్గు అని టీచరమ్మ మిరియాలు కూడా ఇచ్చింది.

ఒక సాయంత్రం పాట అయ్యాక వియ్యంకుడు తన తాళంచెవి మేస్త్రి చేతిలో పెట్టాడు.

"రెండు రోజుల నుంచి పట్టేస్తోంది బావగారూ. చూడండి కాస్త."

మేస్త్రి వెలుతురులోకి తిప్పి చూశాడు. పళ్ళ సందుల్లో తెల్లగా ఏదో ఇరుక్కుని ఉంది. గోటితో గీకి వాసన చూశాడు. సబ్బు.

 సబ్బుబిళ్ళ మీద తాళంచెవిని నొక్కి అచ్చు తీస్తారనీ, ఆ అచ్చుతో ఎక్కడైనా మారుతాళం చేయించుకోవచ్చనీ ఆ వృత్తిలో ఉన్నవాడికి ఒకరు చెప్పాలా? "ఏం లేదు, మురికి" అని తుడిచి ఇచ్చేశాడు. అందరూ టీ దగ్గర మూగి ఉండగా పళ్ళెం దగ్గరికి వెళ్ళి మిగతావి ఒక్కొక్కటీ తీసి చూశాడు. అందులో సగానికి పైగా అతను కోసిన తాళంచెవులే, ఏది ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పగలడు. కాలువ వీధివాళ్ళ వాటన్నిటికీ సబ్బు ఉంది. గట్టు వీధివాళ్ళవి ఒక్కదానికీ లేదు.

ఆ మర్నాడే అడితి ఆయన కొట్టు దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. మెట్టుకి చెయ్యి ఆనించి, వంగి, నవ్వుతూ నిలబడ్డాడు.

"మేస్త్రీ, ఆదివారం కచేరీ అయ్యాక అమ్మాయిని అట్నుంచటే పుట్టింటికి తెచ్చుకోరాదూ? నాల్రోజులుంటుంది."

"ఎందుకండీ?"

"ఎందుకేమిటయ్యా, ఆడపిల్ల. మనపిల్ల. నాకూ మేనల్లుడున్నాడు కదా, పిల్లల మీద ప్రేమ ఎలా ఉంటుందో నాకు తెలీదూ?" అని మేస్త్రి భుజం తట్టి వెళ్ళిపోయాడు. మేస్త్రి చేతిలో ఆకురాయి అలాగే ఉండిపోయింది. ఆ రోజు ఇంక ఒక్క తాళమూ పట్టుకోలేదు.

చెప్పాలి. ఎవరికి? టీచరమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కచేరీకి పిల్లల బట్టలకి రిబ్బన్లు కుడుతోంది.

"అమ్మగారూ, ఆ పళ్ళెం ఇంక ఎత్తేద్దామండీ."

"అదేంటి మేస్త్రిగారూ! ఆదివారం దాన్ని స్టేజీ మీదే పెడదామనుకుంటున్నాను, బల్ల వేసి, పూలు చల్లి. ఏమైంది?"

"ఏమీ కాలేదు. తాళంచెవులు తారుమారవుతాయేమోనని."

"మీరుండగా తారుమారవడమేమిటి?" అని ఆవిడ నవ్వింది.  మీరుండగా. నిజమే మరి, మారుతాళాలన్న మాట పైకి వస్తే ఊరు ముందు ఎవరి వంక చూస్తుంది? పళ్ళెం తెచ్చిందెవరు? తాళంచెవులు కోసేదెవరు? కాలువ వీధి అతన్నే అనుమానిస్తుంది. గట్టు వీధి ఇంటిదొంగ అని మొహాన ఉమ్మేస్తుంది. నడుమ కూతురు నలిగిపోతుంది. సబ్బు మాట మింగేసి, మంచినీళ్ళు తాగి, వచ్చేశాడు.

ఇంట్లో భార్యకి చెప్పాడు. 

"మీరు నోరు మెదిపారంటే మన పిల్ల బతుకు బజారుపాలే" అంది ఆవిడ. "ఊరి సంగతి ఊరు చూసుకుంటుంది. దాని ఇంటి తాళం ఒక్కటి మార్చేసి రండి. కొత్తది, గట్టిది. అంతే. ఇంకేమీ ఎరగనట్టు ఉండండి."

"మిగతావాళ్ళో?"

"మిగతావాళ్ళకి మనం పిల్లనిచ్చామా?"

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఆవిడ మీద కాదు. ఆవిడ తల్లి, తల్లిలాగే మాట్లాడింది. ఆ మాట విని అతని గుండె బరువు దిగిపోయింది చూడండి, అందుకే మంట. ఎవరో ఒకరు అనాలని ఎదురుచూసిన మాట అది.

బుధవారం పొద్దున్నే కొత్త తాళం సంచిలో వేసుకుని వంతెన దాటాడు. కాలువ వీధి ఇరుకు వీధి, ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. అరుగుల మీద ఆడవాళ్ళు కూర్చుని కచేరీ పాటే కూనిరాగం తీస్తున్నారు. వియ్యపురాలు సంబరపడిపోయింది. "పాతది బాగానే ఉంది కదన్నయ్యగారూ, మీకెందుకీ శ్రమ?" అంది. అరిగిపోయిందమ్మా అన్నాడు. కొత్త తాళంచెవి ఒక్కటే కాబట్టి గలగలమనదు, బావగారిని పళ్ళెంలో వేయకుండా జేబులోనే ఉంచుకోమను అన్నాడు. కూతురు పక్కనే నిలబడి మరమేకులు అందించింది. చిన్నప్పుడూ అలాగే అందించేది. ఆ పిల్ల మొహంలోకి చూడకుండా పని కానిచ్చాడు.

పక్కింటి కుట్టుమిషను ఆవిడ గుమ్మంలోకి వచ్చి చూస్తూ నిలబడింది. మొగుడు పోయి, మిషను మీదే ఇద్దరు పిల్లల్ని సాకుతున్న మనిషి. కొత్తగా వచ్చినప్పుడు మేస్త్రి కూతుర్ని వీధిలో మొదట పలకరించింది ఆవిడే.

"అన్నయ్యా, పనిలో పని మా తాళం కూడా చూడరాదూ? మొన్నట్నుంచీ తాళంచెవి పట్టేస్తోంది."

మేస్త్రి చేతిలో స్క్రూడ్రైవరు జారి గడప మీద పడింది. వంగి తీసుకుంటూ, తల ఎత్తకుండానే, "ఆదివారం కానీయమ్మా, అయ్యాక చూద్దాం" అన్నాడు.

"సరేలే, తొందరేముంది" అంది ఆవిడ.

ఆదివారం మధ్యాహ్నం హాలు కిక్కిరిసిపోయింది. చివరి పాటలో పిల్లలు కూడా పాడతారు కాబట్టి కాలువ వీధి ముసలీ ముతకా అంతా తరలివచ్చేసింది. మంచానున్నవాళ్ళని కూడా కుర్చీల్లో మోసుకొచ్చారు. గట్టు వీధి నుంచి మాత్రం ఆడవాళ్ళూ పిల్లలే ఎక్కువ. స్టేజీ ముందు బల్ల, బల్ల మీద పళ్ళెం, పళ్ళెంలో తాళంచెవుల గుట్ట, చుట్టూ పూలు. మేస్త్రి తన వరసలోకి వెళ్ళి నిలబడ్డాడు. అతని కుడి పక్క వియ్యంకుడు. ఎడమ పక్క ఎవరూ లేరు. అడితి ఆయన లేడు, తమ్ముడు లేడు, వాళ్ళతో వచ్చిన ఇద్దరూ లేరు.

"ఏమయ్యారు వీళ్ళు?" అని వియ్యంకుడు గుసగుసగా అడిగాడు.

"నలుగురికీ జ్వరమట" అంది ముందు వరసలో ఒకావిడ. "ఈ గాలి మార్పు మంచిది కాదు."

 ఇవాళే. ఇప్పుడే. వీధి మొత్తం ఇక్కడ కూర్చుని ఉంది, ఇళ్ళలో పిల్లి కూడా లేదు. ఒక్క అడుగు ముందుకేసి, ఆ పీపా గొంతుతో ఒక్క కేక వేస్తే చాలు. కుర్రాళ్ళు వంతెన దాకా పరిగెత్తడానికి ఎంతసేపు? టీచరమ్మ చెయ్యి ఎత్తింది.  మేస్త్రి కళ్ళు కూతుర్ని వెతికాయి. కింద జనంలో ముందు వరసలోనే ఉంది, అత్తగారి పక్కన, కుట్టుమిషను ఆవిడ చిన్నపిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని. పిల్ల ఇక్కడే ఉంది, క్షేమంగా ఉంది, ఇంటికి తాళం గట్టిగా ఉంది. నోరు తెరిచాడు. పాటే వచ్చింది.

"తలుపులన్నీ తెరిచి ఉంచు, ఊరంతా ఒక్క ఇల్లు" అని ఆ పాట. టీచరమ్మే రాసింది. మేస్త్రి అంత బాగా ఎప్పుడూ పాడలేదని తర్వాత అందరూ చెప్పుకున్నారు. గొంతు హాలు నేలని అదిరించిందట. చెమట కళ్ళలోకి కారుతుంటే తుడుచుకోకుండా పాడాడు. ఒక పాట అయ్యాక ఇంకోటి, పెద్దల ప్రసంగం, మళ్ళీ పాట. ప్రతి పాట చివరా ఇంకా సమయం ఉందేమో అనుకున్నాడు. ప్రతి పాట చివరా చప్పట్లు అడ్డొచ్చాయి. అలా అనుకోవడం అతనికి సుఖంగా ఉంది, అంతే.

పిల్లల పాట సగంలో ఉండగా గుమ్మం దగ్గరున్నవాళ్ళు వెనక్కి తిరిగారు. పొగ అని ఎవరో అన్నారు. మొదట మెల్లగా అన్నారు, తర్వాత అరిచారు. పళ్ళెం తిరగబడింది, తాళంచెవులు నేల మీద చెల్లాచెదురయ్యాయి, జనం వాటిని తొక్కుకుంటూ పరిగెత్తారు.

తాళంచెవులతో పని లేకపోయింది. కాలువ వీధిలో ఒక్క గొళ్ళెం ఊడలేదు, ఒక్క తలుపు పగల్లేదు. తలుపులన్నీ సుబ్బరంగా తాళం తీసి, బార్లా తెరిచి ఉన్నాయి. లోపల మాత్రం ఏదీ మిగల్లేదు. పరుపులు చీల్చేశారు, సామాన్లు పగలగొట్టి నడిమధ్య పోసి నిప్పు పెట్టారు. కుట్టుమిషను కాలువలో పడి ఉంది, దాని చక్రం మాత్రం నీళ్ళ పైకి కనపడుతోంది. ప్రాణం ఎవరిదీ పోలేదు. ఇళ్ళలో మనిషంటూ ఉంటే కదా పోవడానికి!

మంటలు ఆర్పుతూండగానే ఎవరో అన్నారు, "మారుతాళాలు. మారుతాళాలు లేకుండా ఇది అయ్యే పని కాదు." తలలన్నీ మేస్త్రి వైపు తిరిగాయి.

"నోళ్ళు అదుపులో పెట్టుకోండి!" అని వియ్యంకుడు అడ్డం వచ్చాడు. మొహం నిండా మసి, చేతిలో ఖాళీ బకెట్టు. "మా బావగారు మధ్యాహ్నం నుంచీ నా పక్కనే ఉన్నారు. నా పక్కన నిలబడే పాడారు. ఆయన్ననేవాడు ముందు నన్ననండి."

అని తన ఇంటి వైపు తిరిగాడు. ఆ ఒక్క తలుపూ వేసి ఉంది. తాళం వేసింది వేసినట్టే ఉంది. తాళం కన్నం చుట్టూ గీతలున్నాయి, ఎవరో ఏదో తాళంచెవి పెట్టి తిప్పి తిప్పి విసుగొచ్చి వదిలేశారు. వియ్యంకుడు జేబులోంచి కొత్త తాళంచెవి తీసి తిప్పాడు. తలుపు తెరుచుకుంది. లోపల అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. బల్ల మీద విప్పి పెట్టిన రేడియో కూడా కదల్లేదు.

వీధి వీధంతా ఆ గుమ్మం ముందు నిలబడిపోయింది.  కుట్టుమిషను ఆవిడ పిల్లల్ని చెరో పక్కా పట్టుకుని ముందుకొచ్చింది. ఏడుపు లేదు ఆవిడ మొహంలో.

"మొన్న బుధవారం ఇదొక్కటీ మార్చావు కదన్నయ్యా" అంది. "మాది కూడా చూడమని అడిగాను. ఆదివారం అయ్యాక అన్నావు."

 కూతురు అతని దగ్గరికి వచ్చింది. తండ్రి మొహాన్ని చిన్నప్పటి నుంచీ చదివిన పిల్ల, ఇంకొకరు చెప్పేదేముంది?

"నీకు ముందే తెలుసా నాన్నా?"

"నీ కోసమేనే తల్లీ" అన్నాడు.

 ఆ పిల్ల వెనక్కి తిరిగి రెండు తలుపులూ గోడకి ఆనేదాకా తోసింది. "పిన్నీ, పిల్లల్ని తీసుకుని లోపలికి రా. అందరూ రండి. పొయ్యి వెలిగిస్తాను, ముందు పిల్లలకి ఏదైనా పెడదాం" అని పిలిచింది. ఎవరూ కదల్లేదు. ఆ పిల్లే వెళ్ళి కుట్టుమిషను ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ కాసేపు ఆ చేతిని చూసుకుని, పిల్లల్ని ముందుకి నడిపించి గడప దాటింది. ఆ వెనక ఒక ముసలాయన, ఆ వెనక మిగతావాళ్ళు. జనంతో పాటు మేస్త్రి కూడా ఒక అడుగు వేశాడు.

"నువ్వు వద్దు నాన్నా" అంది కూతురు.

అతను గుమ్మం బయటే ఆగిపోయాడు. లోపల చాపలు పరుస్తున్న చప్పుడు, గిన్నెల చప్పుడు, వెక్కుతున్న పిల్లని ఎవరో ఊరుకోబెడుతున్న చప్పుడు. కాసేపటికి వియ్యంకుడు బయటికి వచ్చాడు. మెట్టు మీద నిలబడి, కిందకి చూస్తూ, బకెట్టు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇంటికెళ్ళండి మేస్త్రిగారూ" అన్నాడు.